పక్క సీటుకి వెచ్చదనం

*ఎంజీ పేరుతో రెండు సీట్ల విద్యుత్ స్పోర్ట్స్ కారు సైబర్‌స్టర్ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అప్పట్నుంచి ఆ ఎనిమిది మూలల ముద్ర వెనకున్న పాత కథలు కుర్రకారు నోళ్లలో మళ్లీ నానుతున్నాయి. వేగం, పందేలు, మెరిసే రంగుల గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది. బానెట్ కింద ఓ మూల నల్లగా కూర్చుని నలభై, యాభై ఏళ్లుగా తుప్పు పడుతున్న రేకు పెట్టెను పట్టించుకునేవాళ్లు తక్కువ. ఈ కథ ఆ పెట్టెది.*

జనవరి నెల, ఉదయం ఏడున్నర. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్‌కి దక్షిణాన, థేమ్స్ నదికి దగ్గర్లో ఓ చిన్న ఊరు. మా బాబాయి గ్యారేజీలో గోడకున్న థర్మామీటరు సున్నాకి మూడు గీతలు కింద ఉంది. మధ్యలో ముదురాకుపచ్చ ఎంజీబీ. 1971లో తయారైన బండి. డ్రైవరు సీటు విప్పి గోడవారగా పెట్టారు. ఆ ఖాళీలో డెబ్బై ఆరేళ్ల బాబాయి వెల్లకిలా పడుకుని, తల డాష్‌బోర్డు కిందికి దూర్చి, కాళ్లు తలుపులోంచి బయటికి చాపి ఉన్నారు. చేతిలో ఉన్నది పానా కాదు. ఆపరేషన్ బల్ల మీద రక్తనాళాన్ని నొక్కిపట్టే ఆర్టరీ ఫోర్‌సెప్స్.

"ఏరా, ఆ లైటు కాస్త ఎడమకి కొట్టు. ఆఁ, అక్కడే. అట్టా ఊపకు."

యాభై ఏళ్లుగా రేకుకి కరుచుకుని బండబారిన ఓ రబ్బరు ముక్కతో ఆయన పెనుగులాడుతున్నారు. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, 1975లో ఈ దేశం వచ్చి, ముప్పై అయిదేళ్లు మత్తు డాక్టరుగా చేసిన మనిషి. ఎండల వార్త రాగానే ముందు పేరు వినబడే రెంటచింతలకి కూతవేటు దూరంలో పుట్టిన మనిషి. పల్నాడు ఎండలో పెరిగినాయన ఇక్కడి గడ్డకట్టే చలిలో, మోకాళ్లు సహకరించని వయసులో ఓ హీటరు కోసం ఇంత కష్టపడటం నాకు మొదట అంతుపట్టలేదు. బండి ఇంజను బాగుంది. రంగు వెలిసింది, సీట్ల తోలు చిరిగింది. ముందు వాటి పని చూడొచ్చు కదా అన్నాను.

"రంగు వీధిలో వాళ్లకి. హీటరు మీ పిన్నికి" అన్నారు డాష్‌బోర్డు కిందినుంచే.

అంబాసిడర్‌కి దూరపు చుట్టం

ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్. ఆక్స్‌ఫర్డ్‌లో విలియం మోరిస్ అనే కార్ల వ్యాపారికి ఉన్న దుకాణం పేరది. 1920లలో దాని మేనేజరు సెసిల్ కింబర్, మోరిస్ కార్లకే అందమైన తేలికపాటి ఒళ్లు తొడిగి అమ్మడం మొదలుపెట్టాడు. కంపెనీ తన పుట్టిన ఏడాదిగా చెప్పుకునేది 1924ని. 1929లో ఫ్యాక్టరీ ఆబింగ్డన్‌కి మారింది. ఆ తర్వాత యాభై ఒక్క ఏళ్లు ఆ ఊరి బడి గంట, చర్చి గంటతో పాటు ఆ ఫ్యాక్టరీ వేళలే ఊరికి గడియారం.

అక్కడ పుట్టిన వాటిలో లోకమంతా తిరిగింది ఎంజీబీ. సిడ్ ఎనెవర్ రూపకల్పన చేశాడు. 1962 సెప్టెంబరులో బయటికొచ్చి 1980 అక్టోబరు దాకా సాగింది. అయిదు లక్షలకు పైగా తయారయ్యాయి. ఎక్కువ భాగం అమెరికా వెళ్లాయి. చివరి బండితోపాటే ఆ ఫ్యాక్టరీ కూడా మూతబడింది. ఈనాటి ఎంజీ ముద్ర చైనా కంపెనీ చేతిలో ఉంది. 2019 నుంచి మన హైదరాబాదు, విజయవాడ రోడ్ల మీద తిరుగుతున్న హెక్టర్లు గుజరాత్‌లోని హాలోల్‌లో తయారైనవి. ముద్ర ఒకటే కానీ ఆబింగ్డన్ పనివాళ్లకీ ఈ బళ్లకీ నడుమ ఓ తరం ఖాళీ ఉంది.

మనకి అసలైన బంధుత్వం ఇంకోచోట ఉంది. మన కలెక్టర్లు, మంత్రులు, పెళ్లివారు ఎక్కి తిరిగిన అంబాసిడర్‌లో చాలాకాలం ఉన్నది 1489 సీసీ పెట్రోలు ఇంజను. ఎంజీబీలో ఉన్నది 1798 సీసీది. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబంలోవే. బాబాయి బానెట్ ఎత్తి చూపించగానే, చిన్నప్పుడు తెనాలిలో మా ఇంటి పక్క ట్యాక్సీ స్టాండులో విన్న చప్పుడు గుర్తొచ్చింది. ఇక్కడ అదే ఇంజనుకి వెనక పక్కన ఓ నల్ల పెట్టె అదనం. అంబాసిడర్ ఎక్కి పెరిగిన మనకి దాని అవసరం ఎప్పుడూ తెలియలేదు.

హీటరు కావాలంటే వేరే డబ్బు

ఇప్పటి కారులో హీటరు ఉందా అని ఎవరూ అడగరు. అప్పుడు అడగాల్సి వచ్చేది. ఎంజీబీ బయటికొచ్చినప్పుడు ఇంగ్లండ్‌లో కొనేవాళ్లకి హీటరు కారు ధరలో భాగం కాదు. విడిగా డబ్బు కట్టి పెట్టించుకోవాలి. ప్రకటనలో ధర తక్కువ కనబడాలన్నది ఒక లెక్క. స్పోర్ట్స్ కారు నడిపేవాడు మగధీరుడు, తోలు కోటు తొడుక్కుని, మెడకి మఫ్లరు చుట్టుకుని, ముఖానికి గాలి కొడుతుంటే ఆనందిస్తాడన్నది ఇంకో నమ్మకం. ఎంజీబీ కంటే ముందొచ్చిన ఎంజీఏకి కూడా హీటరు విడిగా కొనుక్కునేదే.

ఈ ఊహలో ఒక్కడే మనిషి ఉన్నాడు. బండికి సీట్లు మాత్రం రెండు. ఆ రెండో సీట్లో కూర్చునేవారికి స్టీరింగు లేదు, గేరు మార్చే పని లేదు, ఒంటికి వేడి పుట్టించే హుషారు లేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి. చలి ముందు పట్టేది వాళ్లనే. పాత స్పోర్ట్స్ కార్ల గురించి రాసిన పుస్తకాలు, పత్రికలు ఎన్నో తిరగేశాను. వాటిలో పేజీలకు పేజీలు డ్రైవరు అనుభవమే. పక్కన కూర్చున్నవారి అనుభవం నాకు ఒక పేరా నిడివి కూడా దొరకలేదు.

కొత్త ఎంజీబీ షోరూములకు చేరిన మొదటి చలికాలమే బ్రిటన్ మర్చిపోలేని చలికాలం అయింది. హీటరుకి డబ్బు కట్టని వాళ్లు ఆ నెలల్లో ఎంత పశ్చాత్తాపపడి ఉంటారో ఊహించవచ్చు. తర్వాతి ఏళ్లలో అమెరికా రవాణా భద్రత నియమాలు ముంచుకొచ్చాయి. ముందు అద్దం మీద ఆవిరి, మంచు పోగొట్టే ఏర్పాటు లేని కారును అమ్మడానికి వీల్లేదని 1960ల చివర్లో తేల్చేశాయి. విలాసం అనుకున్నది అలా భద్రత కింద లెక్కలోకొచ్చింది. కమ్మటి వెచ్చదనం కోసం కాకపోయినా ఎదుటి రోడ్డు కనబడటం కోసమైనా హీటరు ఉండితీరాలి.

---
■ 1963: నది మీద కారు

1962 డిసెంబరు 26న దక్షిణ ఇంగ్లండ్‌లో మొదలైన మంచు మార్చి దాకా కరగలేదు. 1963 జనవరి సగటు ఉష్ణోగ్రత మధ్య ఇంగ్లండ్‌లో మైనస్ 2.1 డిగ్రీలు. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడ అంత చల్లటి నెల ఇంకొకటి లేదు. ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది గడ్డకట్టి, దాని మీద ఒకరు కారు నడిపి చూపించారు. ఎంజీబీ పుట్టిన ఆబింగ్డన్ అక్కణ్నుంచి పది కిలోమీటర్ల దూరం.

---

పట్టుచీర, రెండు దుప్పట్లు

బాబాయి ఈ కారును 1979లో పాతదిగానే కొన్నారు. ఆస్పత్రి క్వార్టర్స్‌లో ఒంటరి కుర్ర డాక్టరు, చేతిలో మొదటిసారి నాలుగు డబ్బులు. మరుసటి ఏడాది పెళ్లయింది. పిన్ని నరసరావుపేట నుంచి వచ్చారు. అప్పటికే హీటరు వేడి ఇవ్వడం మానేసింది. నాబ్ ఎంత తిప్పినా అడుగునుంచి చల్లగాలే.

1982 జనవరి. సంక్రాంతికి రమ్మని బర్మింగ్‌హామ్ నుంచి తోటి డాక్టరుగారి కుటుంబం పిలిచింది. ఆ నెల పదో తేదీన ష్రాప్‌షైర్‌లోని న్యూపోర్ట్‌లో మైనస్ 26.1 డిగ్రీలు నమోదైంది. ఇంగ్లండ్‌లో అదే ఇప్పటికీ రికార్డు. ఆ తర్వాత నాలుగు రోజులకి వీళ్ల ప్రయాణం. ఆ కథ పిన్ని నాకు వంటింట్లో చెప్పారు. చెబుతుంటే చేతులు వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకున్నాయి.

"కొత్త పట్టుచీర కట్టుకున్నా. పైన స్వెట్టరు, దాని మీద మీ బాబాయి కోటు, ఒళ్లో రెండు దుప్పట్లు. కాళ్ల దగ్గర వేడినీళ్ల రబ్బరు సంచి. అది అరగంటకే చల్లబడింది. మా ఊపిరి లోపల అద్దానికి పట్టి అక్కడే గడ్డకట్టేది. గిన్నెలు తోమే పీచుతో గీకుతూ కూర్చున్నా దారి పొడుగునా. ఆయన బండి నడపటం, నేను అద్దం గీకటం. అక్కడికి చేరేసరికి వేళ్లు వంగలేదు. వాళ్లావిడ అరిసెల పళ్లెం ఇస్తే పట్టుకోలేకపోయాను. తిరిగి రైల్లో వచ్చా. మళ్లీ ఆ బండి ఎక్కలేదు."

అందులో కోపం లేదు. చెప్పి, పోపులో ఆవాలు వేశారు. ఆ ఏడాదే వీళ్లు నాలుగు తలుపుల కారు కొనుక్కున్నారు. పిల్లలు పుట్టారు, పెద్దయ్యారు. ఎంజీబీ గుడ్డ కప్పుకుని గ్యారేజీలో ఉండిపోయింది. ఏటా రెండుసార్లు ఎండకాసే రోజు చూసి బాబాయి ఒక్కరే అలా తిప్పుకొచ్చేవారు. పక్క సీటు నలభై నాలుగేళ్లుగా ఖాళీ.

పెట్టెలో ఏముంది

ఎంజీబీ వాళ్లలో పాతుకుపోయిన మాట ఒకటుంది: ముందు హీటరు పెట్టి, దాని చుట్టూ కారు కట్టారని. పెట్టె తీయడానికి కూర్చుంటే ఆ మాట ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. ఇంజనుకీ, కారు లోపలి గదికీ మధ్య అడ్డుగోడలా ఉండే రేకు మీద, ఇంజను వెనకాల ఇరుకులో పెట్టె కూర్చుంటుంది. పైనుంచి మరలు తీస్తే చాలదు. కిందినుంచి, కారు లోపలి నుంచి, దాన్ని పట్టుకున్న గొట్టాలూ తీగా విడిపించాలి. అందుకే బాబాయి తలకిందుల అవస్థ.

అది మాకు రెండు రోజుల పని. ముందు సీట్ల వెనకున్న రెండు ఆరు వోల్టుల బ్యాటరీల తీగలు తప్పించాం. రేడియేటరు నీళ్లు తొట్టిలోకి దించాం. హోస్ పైపులను కోసి తీశాం. లాగి తీయబోతే లోపలున్న సన్నటి ఇత్తడి గొట్టాలు వంకరపోతాయి. కొత్త పైపు దొరుకుతుంది, గొట్టం విరిగితే బాధ. మరల మీద ముందురోజే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచాం. ఒక మర తల అరిగి తిరగనంది. దాన్ని గంటన్నర బతిమాలారు బాబాయి. సుత్తి ముట్టలేదు. "సూది నరంలో దిగకపోతే గట్టిగా పొడుస్తామా? చెయ్యి వెచ్చజేసి మళ్లీ చూస్తాం" అంటూ చిన్న గ్యాసు మంటతో మర చుట్టూ వేడి తగిలించి, చల్లారనిచ్చి, మళ్లీ తగిలించారు. అయిదోసారి కదిలింది.

పెట్టెను బల్ల మీద పెట్టి, అంచున వరసగా ఉన్న స్ప్రింగు క్లిప్పులు ఊడదీసి మూత తెరిచాం. నల్లటి పొడి గుప్పున లేచింది. అడుగున ఎండిన ఆకులు, మట్టి, ఏదో పిట్ట ఈక. తుప్పు పొరలుగా రాలింది. మధ్యలో హీటర్ కోర్. లావుపాటి నిఘంటువంత ఉండే బుల్లి రేడియేటరు అది. పెట్టె మీద తయారీదారు పేరు ఇంకా చదవొచ్చు: స్మిత్స్. 1851లో లండన్‌లో గడియారాల కొట్టుగా మొదలైన సంస్థ. బ్రిటిష్ కార్లలో స్పీడోమీటర్లు, గడియారాలు, హీటర్లు చాలామటుకు వాళ్లవే. 1953లో ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు పైకి వెంట తీసుకెళ్లింది కూడా స్మిత్స్ చేతి గడియారమే.

ఆ నల్ల పొడి దగ్గర బాబాయి ఆగిపోయారు. వేళ్ల మధ్య నలిపి చూశారు. ఒకప్పుడు అది స్పాంజి. కోర్‌కీ పెట్టె గోడలకీ మధ్య సందులు మూయడానికి చుట్టూ అంటించింది. స్పాంజి ఉన్నంతకాలం ఫ్యాను విసిరిన గాలి వేరే దారిలేక కోర్ రెక్కల సందుల్లోంచే దూరాలి. అది పొడైపోయాక గాలి సుళువు దారి వెతుక్కుంది. కోర్‌ని ముట్టుకోకుండా పక్కనుంచి జారుకుని, చల్లగానే లోపలికి వచ్చింది. అంటే ఆ జనవరి ప్రయాణంలో కోర్ వేడిగానే ఉండి ఉండొచ్చు. ఆ వేడికీ పిన్ని పాదాలకీ మధ్య నాలుగు స్పాంజి ముక్కలే తక్కువ.

బాబాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్క ఆదివారం పనిరా ఇది. అప్పట్లో తెరిచి చూసుంటే..." అని, పొడిని జాగ్రత్తగా ఊడ్చి కాగితంలో పొట్లం కట్టారు.

---
■ వేడి ఎక్కణ్నుంచి వస్తుంది?

కారులో హీటరు వేరే ఇంధనం కాల్చదు. పెట్రోలు మండితే పుట్టే వేడిలో సుమారు మూడో వంతు ఇంజను చుట్టూ తిరిగే నీటిలోకి పోతుంది. ఆ నీటిలో కొంత చిన్న కుళాయి గుండా కోర్‌లోకి మళ్లుతుంది. బయటి గాలి ముందు అద్దం కింది జాలీలోంచి వచ్చి, కోర్ మీదుగా వెచ్చబడి, కొంత పాదాలకీ కొంత అద్దానికీ చేరుతుంది. బయటి గాలిని వడగట్టి వెచ్చజేసి పంపే పద్ధతిని 1938లో అమెరికాలో నాష్ కంపెనీ జనంలోకి తెచ్చింది.

నీళ్లు లేని ఇంజన్లది వేరే దారి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, పాత పోర్షె 911 కార్లలో పొగగొట్టం చుట్టూ తొడిగిన రేకు గదుల్లో గాలి వేడెక్కుతుంది. ఆ లోపలి గొట్టం తుప్పుపట్టి చిల్లుపడితే విషవాయువు కారులోకి వస్తుంది. ఆ బళ్లలో హీటరు మరమ్మతు ప్రాణానికి సంబంధించిన పని.

ఎంజీబీ పుస్తకంలో థర్మోస్టాట్‌కి మూడు అంకెలుంటాయి: వేడి దేశాలకి 74 డిగ్రీలు, మామూలుగా 82, చలి దేశాలకి 88. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజనే వేడెక్కదు. అప్పుడు హీటరు ఎంత కొత్తదైనా దండగ.

---

పంక్చరు షాపు పరీక్ష

కోర్ బాగుందా, చిల్లులున్నాయా? ఇంత పెద్ద ప్రశ్నకి జవాబు మన వీధి చివర సైకిలు షాపులో ఉన్నదే. కోర్ గొట్టం ఒకటి మూసి, రెండోదాంట్లోంచి పంపుతో కొద్దిగా గాలి ఎక్కించి, బకెట్టు నీళ్లలో ముంచాం. ఈ బండి రేడియేటరు మూత పది పౌండ్ల ఒత్తిడికి తెరుచుకుంటుంది. అంతకు మించి కాస్త చాలు. ఎక్కువ కొడితే బాగున్న అతుకులు కూడా విచ్చుకుంటాయి. ఇద్దరం బకెట్టు మీదికి వంగి ఊపిరి బిగబట్టి చూశాం. ఓ మూల నుంచి ఆవగింజంత బుడగ, దాని వెనక ఇంకొకటి.

ఇక్కడ చాలామంది పాతది పడేసి కొత్త కోర్ కొనేస్తారు. తప్పేం లేదు, ఇప్పటికీ దొరుకుతాయి. బాబాయికి మనసొప్పలేదు. ఇత్తడి, రాగి కలిసిన పాతకాలపు కోర్‌కి టంకం పెట్టొచ్చు. ఇప్పటి అల్యూమినియం, ప్లాస్టిక్ కోర్‌లకి ఆ భాగ్యం లేదు, పోతే పోయినట్టే. మన విజయవాడ ఆటోనగర్‌లో రేడియేటర్ల షెడ్డు ముందు నిలబడితే ఈ తేడా రోజూ కనబడేది. మంట దగ్గర కూర్చుని, చిల్లు చుట్టూ గీకి, ఆసిడ్ రాసి, టంకం కరిగించి పోసే పనివాడికి కంటిచూపే కొలబద్ద. అలాంటి చేతులు ఆ ఊళ్లోనూ తగ్గిపోతున్నాయి, ఈ దేశంలోనూ తగ్గిపోతున్నాయి. లారీలకీ కార్లకీ అల్యూమినియం రేడియేటర్లు వచ్చాక అతికేవాడికి పనెక్కడ?

ఇక్కడ పక్క ఊళ్లో ఇంకా ఆ పని చేసే ముసలాయన దొరికాడు. కోర్‌ని రెండు వైపుల నుంచీ నీళ్లతో కడిగించాక ఎర్రటి బురద అరచెంబుడు వచ్చింది. లీకులు ఆపడానికని ఏనాడో రేడియేటరులో పోసిన మందు కూడా అందులో గడ్డలు కట్టి ఉంది. ఆ మందు చిల్లుతో పాటు సన్నటి దారుల్నీ మూసేస్తుంది. రేడియేటరు బాగైందని సంతోషించిన మనిషికి హీటరు ఎందుకు చల్లబడిందో తెలియదు.

ఫ్యాను మోటారు సంగతి త్వరగా తేలింది. విప్పి, కమ్యుటేటరు మీది మసిని సన్న ఎమెరీ కాగితంతో తుడిచి, కార్బన్ బ్రష్‌లు మార్చి, ఇరుసుకి రెండు చుక్కల నూనె వేయగానే గిర్రున తిరిగింది. హీటరు నాబ్‌ల కేబుళ్లు రెండూ తీసి, తొడుగులోకి నూనె దించి, మళ్లీ వేశాం. డాష్‌బోర్డు వెనక అద్దానికి గాలి మోసే గొట్టాలు చిరిగిపోయి ఉన్నాయి, కొత్తవి తెచ్చాం.

నిజమైన పని ఆకుల దగ్గర పడింది. ముందు అద్దం కింది జాలీలోంచి గాలితో పాటు వాననీరూ లోపలికి వస్తుంది. ఆ నీరు బయటికి పోవడానికి గేర్‌బాక్సు పక్కగా కిందికి దిగే రబ్బరు గొట్టం ఒకటుంది. ఆకులు కుళ్లి ఆ గొట్టం మూసుకుంటే నీళ్లు హీటరు పెట్టెలోకీ, అక్కణ్నుంచి పాదాల కింది కార్పెట్టులోకీ చేరతాయి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు, ఒంటి రేకే దాని ఎముకల గూడు. అడుగు రేకు తుప్పుపడితే బండి నడుం విరిగినట్టే. ఇన్ని ఎంజీబీలు తుక్కు కిందికి పోవడానికి కారణం ఏ మహా ప్రమాదమో కాదు, కొన్నిచోట్ల ఇలా గుప్పెడు ఆకులే. బాబాయి ఆ గొట్టంలోకి పొడుగాటి ఫోర్‌సెప్స్ దించి ఆకుల ముద్దను కొద్దికొద్దిగా బయటికి లాగుతుంటే, అరవై దాటాక కూడా ఆస్పత్రివాళ్లు ఆయన్నే ఎందుకు పిలిపించేవారో అర్థమైంది.

ఏది ఉంచాలి, ఏది మార్చాలి

పాత కార్లవాళ్లలో ఎప్పుడూ తెగని తగవిది. ఫ్యాక్టరీలో ఏ మర వేశారో ఆ మరే ఉండాలనేవాళ్లు ఒకపక్క. బండి రోడ్డు మీద నడవాలి కనుక మంచిదేదో వేయమనేవాళ్లు ఇంకోపక్క. పాత డొక్కు పెట్టెను పీకేసి కొత్త రకం బలమైన హీటరు పెట్టేసేవాళ్లున్నారు. నాకది ఇంటిపెద్ద కుర్చీ పారేసి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకున్నట్టుంది. అలాగని పొడి రాలే పాత స్పాంజినే మళ్లీ వెతికి వేయడంలోనూ అర్థం లేదు.

బాబాయి పద్ధతి నాకు నచ్చింది. కంటికి కనబడే పెట్టె, క్లిప్పులు, స్మిత్స్ చీటీ అన్నీ పాతవే. తుప్పు గీకి, కింద రంగు పూత వేసి, పైన అదే నలుపు కొట్టారు. చీటీ చుట్టూ కాగితం అతికించి, దాని మీద చుక్క పడనివ్వలేదు. కనబడని చోట మాత్రం నీళ్లు పీల్చని కొత్త రకం స్పాంజి, మునుపటి కంటే ఒక పొర దట్టంగా. తర్వాత యాభై ఏళ్లకి ఎవరు తెరిచినా పొడి రాలదు.

విడిభాగాల విషయంలో ఎంజీబీ అదృష్టవంతురాలు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత అచ్చులు వెతికి తెచ్చి 1988లో ఎంజీబీ పూర్తి ఒంటిని మళ్లీ తయారుచేయడం మొదలుపెట్టింది. ఇంత పాత కారుకి తలుపు నుంచి తాళంచెవి దాకా దొరకడం అరుదు. సంఖ్యలో ఎక్కువ కావడమే అందుకు మూలం. అయిదు లక్షల మందికి ఒకే బాధ ఉంటే ఎవరో ఒకరు మందు తయారుచేస్తారు.

---
■ పెట్టె తెరిచేవారికి

* రేడియేటరులో కలిపే యాంటీఫ్రీజ్ తియ్యగా ఉంటుంది, విషం. తొట్టిలో వదిలేస్తే కుక్కలు, పిల్లులు నాకుతాయి. ఇంట్లో పసిపిల్లలుంటే మరీ జాగ్రత్త.
* పాత గ్యాస్కెట్లలో, వేడి తగలకుండా వేసిన పలకల్లో ఆస్‌బెస్టాస్ ఉండే వీలుంది. పొడిగా గీకవద్దు. బ్రిటన్ దాన్ని 1999లో పూర్తిగా నిషేధించింది.
* కారులో తియ్యటి వాసన, అద్దం లోపల జిడ్డు పొర కనబడితే కోర్ కారుతున్నట్టే.
* బ్రిటన్‌లో 2018 మే నుంచి, పెద్ద మార్పులు చేయని నలభై ఏళ్లు దాటిన కార్లకి ఏటా చేసే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. అద్దంలోంచి రోడ్డు కనబడుతుందో లేదో చూసుకునే బాధ్యత ఇక యజమానిదే.

---

ఆకుపచ్చ చుక్క

అన్నీ బిగించి, నీళ్లు నింపి, కారు ముందు భాగం ఎత్తి, గొట్టాల్లో ఇరుక్కున్న గాలి బుడగలు పోయేదాకా ఇంజను నడిపాం. ఇరవై నిమిషాలకి డాష్‌బోర్డు కింద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. బాబాయి ముఖం వెలిగింది. అంతలోనే ఇంజను పక్కన ఓ ఆకుపచ్చ చుక్క రాలింది. దాని వెనక ఇంకోటి. సిలిండర్ హెడ్ వెనక ఉండే వేడినీళ్ల కుళాయి కారుతోంది. వారం కిందట కొన్న సరికొత్తది. లోపలి రబ్బరు పొర మొదటి వేడికే చీలింది.

పాత కుళాయి యాభై ఏళ్లు పనిచేసింది, కొత్తది ఇరవై నిమిషాలు. పాత కార్లు బాగుచేసే ప్రతివారికీ ఈ బాధ తెలుసు. ఆకారం అచ్చుగుద్దినట్టే ఉంటుంది, లోపలి సరుకు వేరు. ఆకారాన్ని నమ్మి డబ్బు కడతాం. నాకు కోపం ఆగలేదు. బాబాయి మాత్రం నీళ్లు దించడానికి మళ్లీ తొట్టి తెచ్చారు. రెండో కుళాయి వేరేచోట కొన్నారు. దాన్ని బండికి బిగించే ముందు వేడినీళ్ల బకెట్టులో ముంచి, గాలి ఎక్కించి, అరగంట చూశారు. బుడగ రాలేదు. అప్పుడు గ్యాస్కెట్ వేసి బిగించారు.

నేను తిరిగి బయల్దేరే ముందురోజు సాయంత్రం బాబాయి పైకప్పు వేసి బండిని వాకిట్లోకి తెచ్చారు. మైనస్ రెండు డిగ్రీలు. పిన్ని నేత చీర, స్వెట్టరు, పైన శాలువా కప్పుకుని, చేతిలో మడతపెట్టిన దుప్పటితో వచ్చారు.

"ఏమండీ, నిజంగా వస్తుందా వేడి?"

"ఎక్కి చూడు."

రెండే సీట్లు కనుక నేను వాకిట్లో నిలబడ్డాను. తలుపులు వేసుకోగానే ఇద్దరి ఊపిరీ అద్దానికి పట్టి లోపల ఇద్దరూ మాయమయ్యారు. తెల్లటి గాజు, వెనక రెండు నీడలు. ఫ్యాను చప్పుడు వినబడింది. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత అద్దం అడుగున రెండు చోట్ల, వేలి గోరంత మేర తెలుపు కరిగింది. అవి అర్ధచంద్రుల్లా పైకి పెరిగాయి. ముందు డ్రైవరు పక్కది. దాంట్లోంచి బాబాయి చేతులు, గడ్డం, కళ్లజోడు. తర్వాత రెండోది కొంచెం ఆలస్యంగా పెరిగి, పిన్ని ఒళ్లో దుప్పటి, మెడ దగ్గర శాలువా, ఆ తర్వాత ముఖం కనబడింది. ఆవిడ నావైపు చూడటం లేదు. తల వంచి తన పాదాలవైపు చూస్తున్నారు.

కిటికీ అద్దం కాస్త దిగింది. "ఇది లోపల పెట్టు నాన్నా" అంటూ పిన్ని దుప్పటి నా చేతికిచ్చారు.